పాఠం 14: పుస్తకం మూసి చదువుకుందాం

ఎవరి కోసం: జూనియర్ సైకిల్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు, లీవింగ్ సర్ట్‌కి చదువుతున్నవాళ్ళు

ఈ పాఠంలో నేర్చుకునేవి:
• బయాలజీ, కెమిస్ట్రీ గుర్తుండేలా చదివే పద్ధతులు
• సైన్సు పదాలను తెలుగులో విప్పి చూడటం
• చదివింది ఇంట్లోవాళ్ళకి తెలుగులో చెప్పడం

పిల్లలూ!

ఈసారి కథ లేదు, పద్యం లేదు. మీ స్కూలు బ్యాగులో ఉన్న పుస్తకాల గురించే మాట్లాడుకుందాం. క్లోనీలో మన తెలుగు క్లాసుకి వచ్చే పెద్దపిల్లలు తరచుగా ఒక మాట అంటుంటారు. "ఆంటీ, చాప్టర్ మూడుసార్లు చదివాను. టెస్టులో కూర్చుంటే ఏమీ గుర్తు రాలేదు. నాకు సైన్సు రాదేమో" అని.

సైన్సు రాకపోవడం కాదు. చదివిన పద్ధతిలో తేడా ఉంది. ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ చదివితే ఆ పేజీ మన కంటికి అలవాటు అవుతుంది. రంగు పెన్నుతో గీతలు గీస్తే ఇంకా అందంగా కనిపిస్తుంది. "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. కానీ పరీక్షలో పుస్తకం ఎదురుగా ఉండదు కదా! చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్ష అడిగేది రెండోదాన్నే.

1. మూసి చెప్పడం

2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. అందరికీ రెండు సైన్సు పేరాలు ఇచ్చారు. ఒక పేరాని రెండుసార్లు చదివారు. ఇంకో పేరాని ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నదంతా రాశారు.

ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పేరానే ఎక్కువ గుర్తుంది. దానిలో నూటికి 81 వంతులు గుర్తుంది, ఒకసారి చదివి రాసిన పేరాలో 75. కానీ వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివిన పేరాలో 42 వంతులే గుర్తుంది. ఒకసారి చదివి రాసిన పేరాలో 56 గుర్తుంది.

అందుకే మీరు ఇలా చేయండి. ఒక సెక్షన్ చదవండి. పుస్తకం మూయండి. తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, మర్చిపోయినవాటిని ఎర్ర పెన్నుతో చేర్చండి. రేపు చదవాల్సింది ఆ ఎర్ర అక్షరాలే. మిగతాది మీకు వచ్చేసింది.

మొదట్లో ఇది కష్టంగా, చిరాగ్గా ఉంటుంది. "మూడు లైన్లే గుర్తున్నాయి" అని దిగులు వేస్తుంది. దిగులు పడకండి. గుర్తు తెచ్చుకోవడానికి బుర్ర పడే ఆ కష్టమే అసలు చదువు.

2. ఎడం ఇచ్చి చదవడం

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మనిషి ఎంత త్వరగా మర్చిపోతాడో 1885లో ఒక పుస్తకం రాశారు. నేర్చుకున్న మొదటి రోజులోనే చాలాభాగం జారిపోతుంది. అయితే కొంత ఎడం ఇచ్చి మళ్ళీ గుర్తు చేసుకుంటే, జారిపోయే వేగం తగ్గుతుంది.

ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడం కన్నా, వారంలో నాలుగు రోజులు గంట చొప్పున చదవడం మేలు. దీనికి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు మూడు చాలు. మన ఇళ్ళల్లో వాటికి కొదవ లేదు! ఒక్కో చీటీ మీద ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు రాయండి.

• మొదటి డబ్బా: రోజూ చూడాల్సిన చీటీలు
• రెండో డబ్బా: మూడు రోజులకి ఒకసారి
• మూడో డబ్బా: వారానికి ఒకసారి

జవాబు సరిగ్గా చెప్తే చీటీ తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది. తప్పు చెప్తే మళ్ళీ మొదటి డబ్బాలోకే. నెల తిరిగేసరికి మొదటి డబ్బాలో మిగిలినవే మీ అసలు కష్టాలు.

ఈ పాఠంలో సామెత: చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. జూన్‌లో పరీక్షలు పెట్టుకుని మే నెలాఖరున పుస్తకం తెరిచేవాళ్ళకి ఇది సరిగ్గా సరిపోతుంది.

3. పదాన్ని విప్పడం

బయాలజీలో కొత్త పదాలు చాలా ఎక్కువ. బట్టీ పడితే రెండు రోజులు ఉంటాయి. విప్పి చూస్తే చాలాకాలం ఉంటాయి. ఇక్కడ మీకు తెలుగు చాలా సాయం చేస్తుంది. మీరు స్కూల్లో నేర్చుకునే ఇంగ్లీషు సైన్సు పదాల్లో చాలావరకు గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చాయి. తెలుగు సైన్సు పదాలు ఎక్కువగా సంస్కృతం నుంచి తీసుకుని కట్టినవి. చాలాచోట్ల రెండూ ఒకేలా కట్టారు.

• క్లోరోఫిల్ = పత్రహరితం. గ్రీకులో క్లోరోస్ అంటే ఆకుపచ్చ, ఫిల్లాన్ అంటే ఆకు. మనకి పత్రం అంటే ఆకు, హరితం అంటే ఆకుపచ్చ.
• ఫోటోసింథసిస్ = కిరణజన్య సంయోగక్రియ. కిరణం వల్ల పుట్టే, కలిపే పని. వెలుగు సాయంతో నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ని కలిపి మొక్క గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. పాఠం మొత్తం ఆ పేరులోనే ఉంది.
• వెంట్రికిల్ = జఠరిక. లాటిన్‌లో దాని అర్థం చిన్న పొట్ట. జఠరం అన్నా పొట్టే!
• ఏట్రియం = కర్ణిక. ఏట్రియంని పాత పుస్తకాల్లో ఆరికిల్ అనేవారు, అంటే చిన్న చెవి. కర్ణం అంటే చెవి.
• హైడ్రోజన్ = ఉదజని. ఉదకం అంటే నీరు. నీటిని పుట్టించేది. హైడ్రోజన్ మండితే వచ్చేది నీరే.
• ఆక్సిజన్ = ఆమ్లజని, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. మామూలుగా ప్రాణవాయువు అంటాం.

చివరి పేరులో ఒక తమాషా ఉంది. ఆక్సిజన్‌కి ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజియే, ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందని అనుకున్నారు. అది నిజం కాదు. మన కడుపులో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. పేరు మాత్రం మిగిలిపోయింది. ఇది ఒక్కసారి తెలుసుకుంటే, ఆమ్లానికి అసలు గుర్తు హైడ్రోజన్ అయాన్లు అన్న సంగతి మీరు మర్చిపోరు.

4. బొమ్మ గీయడం

గుండె బొమ్మ చూడటం వేరు, గీయడం వేరు. పుస్తకం మూసి గుండె గీయండి. నాలుగు గదులు, కవాటాలు, ధమనులు, సిరలు గుర్తించండి. బాణాలతో రక్తం దారి చూపించండి. ప్రతి బాణం దగ్గర "ఎందుకు?" అని అడగండి. ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుంది? కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. ఎడమ జఠరిక తల నుంచి కాలివేళ్ళ దాకా ఒళ్ళంతా పంపాలి. అందుకే దానికి బలం ఎక్కువ కావాలి.

ఒక జాగ్రత్త! బొమ్మలో గుండె ఎడమవైపు మీకు కుడిచేతి వైపు కనిపిస్తుంది. మీకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె అది అనుకోండి.

5. కెమిస్ట్రీకి చెయ్యి ఆడాలి

బయాలజీలో పదాలు ఎక్కువ. కెమిస్ట్రీలో పదాలు తక్కువ, మెట్లు ఎక్కువ. వంట చూసి వంట రాదు, లెక్క చూసి లెక్క రాదు.

చాలామందికి మోల్ అంటే భయం. కిలో బియ్యంలో ఎన్ని గింజలు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు, తూకం వేస్తారు. అణువులు బియ్యపు గింజల కన్నా ఎన్నో రెట్లు చిన్నవి. అందుకే వాటినీ తూకం వేసే లెక్కపెడతాం. డజను అంటే 12. మోల్ అంటే దాదాపు 6 పక్కన 23 సున్నాలు. అంతే తేడా.

పూర్తిగా చేసిన లెక్క: 36 గ్రాముల నీటిలో ఎన్ని మోల్స్?
మొదటి మెట్టు: నీటి అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. 1 + 1 + 16 = 18. అంటే ఒక మోల్ నీరు 18 గ్రాములు.
రెండో మెట్టు: 36 ÷ 18 = 2 మోల్స్.

సగం చేసిన లెక్క: 9 గ్రాముల నీటిలో ఎన్ని మోల్స్? మొదటి మెట్టు పైన ఉంది. రెండోది మీరు చేయండి.

మీరే చేయాల్సిన లెక్క: 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో ఎన్ని మోల్స్? కార్బన్ 12, ఆక్సిజన్ 16.

ఏ కొత్త రకం లెక్క వచ్చినా ఇదే వరస. పూర్తిగా చేసింది ఒకటి చూడండి, సగం చేసింది పూర్తి చేయండి, తర్వాత ఒంటరిగా చేయండి. ఒంటరిగా వచ్చాక, వేరే రకం లెక్కలతో కలిపి చేయండి. పరీక్షలో ఏ లెక్క ఏ చాప్టర్‌దో ఎవరూ చెప్పరు కదా.

6. వంటింట్లో ల్యాబ్

పసుపు: కాస్త పసుపు నీళ్ళలో కలిపి, తెల్ల కాగితం ముంచి ఆరబెట్టండి. నిమ్మరసం చుక్క వేస్తే పసుపుగానే ఉంటుంది. బట్టల సబ్బు నీళ్ళు వేస్తే ఎర్రబడుతుంది. మళ్ళీ నిమ్మరసం వేస్తే పసుపు రంగు తిరిగొస్తుంది. సబ్బు క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపు వాటిని పట్టిచ్చే సూచిక. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది కూడా ఇందుకే. ఐర్లాండ్‌లోని లిస్మోర్‌లో 1627లో పుట్టిన రాబర్ట్ బాయిల్, మొక్కల రసాల రంగు ఆమ్లాల్లో, క్షారాల్లో ఎలా మారుతుందో 1664లోనే రాశారు.

మాగాయ: మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే ఊట వస్తుంది. ఆ నీళ్ళు ఎవరూ పోయలేదు, ముక్కలోంచే వచ్చాయి. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. అందుకే నీరు కణం పొర దాటి బయటికి వచ్చింది. ఇదే ఆస్మోసిస్, తెలుగులో ద్రవాభిసరణం. మామిడికాయ దొరక్కపోతే కీరా ముక్కలతో చేసి చూడండి.

పెరుగు: గోరువెచ్చని పాలలో తోడు వేస్తే బ్యాక్టీరియా లాక్టోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లానికి పాలలోని ప్రోటీన్ గట్టిపడుతుంది. పాలు మరీ వేడిగా ఉంటే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చల్లగా ఉంటే పని మందగిస్తుంది. అందుకే ఇక్కడ చలికాలంలో చాలామంది అమ్మలు గిన్నెని హాట్ ప్రెస్‌లో పెడతారు. ఎంజైములు, ఉష్ణోగ్రత అనే పాఠం మీ ఇంట్లో రోజూ రాత్రి జరుగుతోంది.

7. అమ్మమ్మకి చెప్పడం

ఈ సంభాషణ ఇద్దరు కలిసి పైకి చదవండి.

అమ్మమ్మ: ఏం చేస్తున్నావే చిట్టితల్లీ?
మనవరాలు: బయాలజీ చదువుతున్నా అమ్మమ్మా. ఇన్సులిన్ గురించి.
అమ్మమ్మ: నేను రోజూ పొడుచుకునేదేగా! అసలు అదేం చేస్తుందే?
మనవరాలు: రక్తంలో షుగర్ తగ్గిస్తుంది.
అమ్మమ్మ: ఆ మాత్రం నాకూ తెలుసు. తగ్గిన షుగర్ ఎటు పోతుంది?
మనవరాలు: అది... ఉండు అమ్మమ్మా, రేపు చెప్తా.

(మర్నాడు)

మనవరాలు: అమ్మమ్మా, విను. అన్నం తింటే గ్లూకోజ్ అవుతుంది. అది రక్తంలో తిరుగుతుంది. కానీ రక్తంలో ఉంటే లాభం లేదు, కణాల్లోకి వెళ్ళాలి. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్, తలుపు తెరుచుకునేలా చేస్తుంది.
అమ్మమ్మ: తాళంచెవి అన్నమాట.
మనవరాలు: అంతే! మిగిలిన గ్లూకోజ్‌లో కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచిపెడుతుంది.
అమ్మమ్మ: గాదెలో ధాన్యం పోసినట్టు.
మనవరాలు: గాదె అంటే?
అమ్మమ్మ: ధాన్యం నిలవ చేసుకునే కొట్టు. కావలసినప్పుడు తీసుకుంటాం.
మనవరాలు: అవును, కరెక్టుగా అదే! నీ ఒంట్లో ఇన్సులిన్ సరిపోవట్లేదు, అందుకే బయట నుంచి ఇస్తున్నారు.
అమ్మమ్మ: మరి సూది వేసుకుని తినడం మర్చిపోతే?
మనవరాలు: షుగర్ మరీ పడిపోతుంది. వణుకు వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. అందుకే డాక్టరుగారు చెప్పిన వేళకి తినాలి అమ్మమ్మా. మొన్న పూజ అని ఆలస్యంగా తిన్నావట కదా!
అమ్మమ్మ: సరేలే, ఇక తింటాను. బాగా చెప్పావు.

చూశారా! "షుగర్ తగ్గిస్తుంది" అని రాస్తే పరీక్షలో పూర్తి మార్కులు రావు. ఎటు పోతుంది అన్న ప్రశ్నే పరీక్ష పేపర్లోనూ వస్తుంది. అమ్మమ్మ సైన్సు చదవకపోయినా సరిగ్గా ఖాళీ ఉన్నచోట వేలు పెట్టింది. ఇంగ్లీషులో అయితే పుస్తకంలోని వాక్యం అలాగే అప్పజెప్పి తప్పించుకోవచ్చు. తెలుగులో చెప్పాలంటే అర్థమైతేనే మాట వస్తుంది. మీ తెలుగు తడబడినా పరవాలేదు. గ్లూకోజ్, ఇన్సులిన్ లాంటి మాటలు అలాగే వాడండి. ఒక మాటకి ఇంకో మాట ఎలా ముడిపడిందో చెప్పడమే ముఖ్యం.

ఇంకో సంగతి కూడా ఉంది. మన పెద్దవాళ్ళ మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. వాటి వెనక ఉన్న సైన్సు మీకు తెలుసు, అది వాళ్ళకి అర్థమయ్యే భాష కూడా మీకు కొంత తెలుసు. రెండూ తెలిసినవాళ్ళు ఇంట్లో మీరే కావచ్చు. మందు మార్చడం, మానడం మాత్రం డాక్టరుగారి పని. మీ పని అర్థమయ్యేలా చెప్పడం.

8. పాత ప్రశ్నపత్రాలు

స్టేట్ ఎగ్జామినేషన్స్ కమిషన్ పాత ప్రశ్నపత్రాలనూ, మార్కులు ఎలా వేస్తారో చెప్పే మార్కింగ్ స్కీములనూ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతుంది. ముందు జవాబు రాయండి, తర్వాత స్కీము చూసి మీరే మార్కులు వేసుకోండి. ఏ ఒక్క మాట లేక మార్కు పోయిందో అప్పుడు తెలుస్తుంది.

2025 సెప్టెంబరులో ఫిఫ్త్ ఇయర్ మొదలుపెట్టినవాళ్ళ నుంచి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌కి కొత్త సిలబస్ వచ్చింది. నూటికి 40 వంతుల మార్కులు విద్యార్థి స్వయంగా చేసే పరిశోధనకి, 60 వంతులు రాత పరీక్షకి. కాబట్టి పాత పేపర్లలో మీ సిలబస్‌లో ఉన్న ప్రశ్నలే ఎంచుకోండి, మీ టీచర్‌ని అడగండి. పరిశోధన అంటే "ఎందుకు ఇలా అయింది?" అని అడిగి, ఒక్కొక్కటే మార్చి చూడటం. పెరుగు గిన్నెతో అది ఇవాళే మొదలుపెట్టవచ్చు.

తెలుసుకుందాం: భీమవరం నుంచి బోస్టన్‌కి

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడోసారికి పాసయ్యారు. తర్వాత మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నారు. మీ బయాలజీ పుస్తకంలో శ్వాసక్రియ పాఠం నిండా ఉండే ఏటీపీ ఇదే.

బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు కూడా ఆయన బృందం పరిశోధనల్లోంచి వచ్చింది. అదే వ్యాధికి వాడే ఐవర్‌మెక్టిన్ వెనక ఉన్న పరిశోధనకి 2015లో నోబెల్ బహుమతి పొందినవాళ్ళలో ఒకరు విలియం క్యాంప్‌బెల్. ఆయన డోనెగల్‌లోని రామెల్టన్‌లో పెరిగి, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివారు. ఈ రెండు మందులనూ ఆల్బెండజోల్‌తో కలిపి కొన్ని ప్రాంతాల్లో ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫారసు చేసింది. ఒక తెలుగాయన పని, ఒక ఐరిష్ ఆయన పని ఒకే రోగి చేతిలో కలిశాయి.

అభ్యాసం

అ. పుస్తకం మూసి జవాబులు రాయండి.
1. రోడిగర్, కార్పికీ ప్రయోగంలో వారం తర్వాత ఏ పేరా ఎక్కువ గుర్తుంది? ఎందుకు?
2. ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుంది?
3. ఆమ్లజని అన్న పేరు ఎందుకు సరైనది కాదు?

ఆ. పదాలను విడదీసి అర్థం చెప్పండి.
ఏకకణజీవి, రక్తప్రసరణ, జీర్ణక్రియ, ఉష్ణమోచక చర్య
(సాయం: ఏక అంటే ఒకటి, ప్రసరణ అంటే పారడం, జీర్ణం అంటే అరిగిపోయినది, మోచక అంటే విడిచిపెట్టేది)

ఇ. లెక్కలు: 5వ భాగంలో మిగిలిన రెండు లెక్కలు చేయండి. జవాబులు: అర మోల్, 2 మోల్స్. జవాబు కలవకపోతే ఏ మెట్టు దగ్గర తేడా వచ్చిందో రాయండి.

ఈ. సొంత వాక్యాల్లో వాడండి: తోడు, ఊట, గాదె, ఎడం.

ఇంటిపని: ఈ వారం స్కూల్లో నేర్చుకున్న ఒక విషయం అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్లో మూడు నిమిషాలు తెలుగులో చెప్పండి. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు రానిది ఒకటి రాసుకుని క్లాసుకి తీసుకురండి. వచ్చే వారం మన పాఠం ఆ ప్రశ్నలతోనే.

అమ్మానాన్నలకి ఒక మాట: "చదివావా?" అని అడిగితే "ఆఁ" అన్న జవాబే వస్తుంది. "నాకు చెప్పు" అని అడగండి. సబ్జెక్టు మీకు తెలియక్కర్లేదు. "తర్వాత ఏమవుతుంది?", "ఎందుకు?" అన్న రెండు ప్రశ్నలు చాలు. పిల్లలు మధ్యలో ఆగిపోతే కోప్పడకండి, మార్కుల ఊసు ఎత్తకండి. ఎక్కడ ఆగారో అక్కడే రేపటి చదువు ఉంది. ఆగిపోయినా పరవాలేదు అన్న ధైర్యం ఇంట్లో దొరికితేనే పిల్లలు మళ్ళీ చెప్పడానికి వస్తారు.